దీపం చుట్టూ డబ్బీలు

కొత్తగొల్లపల్లె,
దసరా వెళ్లిన శుక్రవారం.

లోకేశ్వరక్కకు వనజాక్షి నమస్కరించి రాసేది.

అక్కా, నేను గట్టిగా మాట్లాడలేను. మెల్లగా మాట్లాడితే నీకు వినబడదు. పోయిన నెల ఫోన్‌లో మనం పడిన అవస్థ చూసి మా ఆయన, "మీ ఇద్దరి నడాన మైకుసెట్టు పెట్టాల" అని నవ్వాడు. ఫోన్‌లో అక్షరాలు కొట్టడం నాకు చేతకాదు. పిల్లల చేత కొట్టిస్తే, వాళ్ల ముందు చెప్పగలిగిన మాటలే చెబుతాను. అందుకని పదో తరగతి అయిన ఇన్నేళ్లకు మళ్లీ కాగితం, పెన్ను పట్టుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. కొండ బస్సులో కండక్టరు చేసిన అక్క నాకుందని ఊరంతా చెప్పుకునేదాన్ని. నీకు రాయడానికి సిగ్గెందుకు?

గోబర్ గ్యాస్ సంగతి అడిగావు. ఐరోపాలో ఒక చలిదేశానికీ మన దేశానికీ ఒప్పందం అయిందట. ఆ దేశం వాళ్లు మా పెరళ్లలో గుంతలు తవ్వించి, సిమెంటు గుమ్మటాలు కట్టించి, పొయ్యిలు ఇచ్చారు. పేడను నీళ్లలో కలిపి లోపలికి పోస్తే చాలు, వంటింట్లో నీలంగా మంట వస్తుంది. కట్టెల పొగ పోయింది. దిబ్బలో కుళ్లే పేడ నుంచి లేచే ఆవిరీ పోయింది. ఆ రెండూ ఆకాశంలో పేరుకుని భూమిని ఉడకబెడుతున్నాయట.

ఇవన్నీ మాకు అర్థమయ్యేలా చెప్పేది భువనేశ్వరి. నగరిలో మగ్గాలవాళ్ల అమ్మాయి. ఈ పొయ్యిల ఆఫీసు తరఫున స్కూటర్ మీద ఊరూరూ తిరుగుతుంది. ఒకసారి మా వీధి పెద్దావిడ నాగులమ్మత్త ఆ పిల్లను పట్టుకుని, "ఏమ్మే, యాడనో ఉండేవాళ్లు మాకు పొయ్యిలిచ్చేది దేనికి? వాళ్లకేం వస్తాది?" అని అడిగింది.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి చెప్పింది. "అవ్వా, కార్తీకంలో ఉపవాసముండి ఆ ఫలాన్ని ఇంకొకరికి ధారపోస్తారు గదా. ఇదీ అట్లనే. ఈడ మీ పొయ్యికాడ తగ్గిన పొగను ఆ దేశానికి ధారపోస్తా ఉండాము. మేమింత తగ్గిస్తామని వాళ్లు లోకానికి మాటిచ్చినారు. దాంట్లో ఇది జమ అవుతాది. మన దేశం తన లెక్కలో నుంచి తీసేస్తాది. ధారపోసినాక మళ్లీ మనదని చెప్పుకోకూడదు గదా."

"అట్లయితే సరే. నేనింకా ఊరికే ఇస్తా ఉండారని భయపడినాను" అంది అత్త.

అక్కా, ఆ మాట విన్నప్పటినుంచి పొయ్యి వెలిగించే ముందు దండం పెట్టుకుంటున్నాను. ఒకరి ముఖం ఒకరు చూడని వాళ్లు, ఒకరి వంట ఏమిటో ఒకరికి తెలియని వాళ్లు, మాట మీద నమ్మకం ఉంచి ఇంత దూరం చేయి చాపడం చిన్న సంగతి కాదు. మన దాయాదులం బావిగట్టు పంచుకోలేక పోట్లాడుకున్నాం కదా.

పొయ్యి ఎంతసేపు వెలుగుతోందో తెలుసుకోవడానికి కొన్ని ఇళ్లలో చిన్న డబ్బీలు పెట్టారు. డబ్బీకి తోకలాగా ఒక తీగ ఉంటుంది. దాన్ని పొయ్యి అంచుకు తగిలిస్తే వేడిని తనలో రాసుకుంటుంది. మా ఇంట్లోనూ ఒకటుంది. ఈ కొద్ది ఇళ్లను చూసి ఊరంతటి లెక్క కడతారు. అది సరిగా ఉందని ఆ దేశం తరఫు మనిషి వచ్చి చూసి ఒప్పుకుంటే, మిగిలిన ఇళ్లకు రెండో విడతలో కట్టిస్తారు.

ఆ మిగిలిన ఇళ్లలో మా తోడికోడలు మోహనది ఒకటి. గుంత అప్పుడే తవ్వించి పెట్టుకుంది. దాని దగ్గు తగ్గడం లేదక్కా. సిలిండరు చుట్టాలొచ్చిన రోజుకని దాచి, మిగతా రోజులంతా కట్టెల ముందే కూర్చుంటుంది. మా పొయ్యి మీద వండుకోమంటే వినదు. వేరుపడిన రోజు మగవాళ్లు ఏవో మాటలనుకున్నారు. వాళ్లు మరిచిపోయారు, ఇది మరవలేదు. నాతో నవ్వుతూనే మాట్లాడుతుంది గానీ నా వంటింటి గడప తొక్కదు.

ఈసారి దసరా మా ఊళ్లో ఎంత బాగా జరిగిందో చెప్పాలి. ఆయుధపూజకు కొడవళ్లు, పాలక్యాన్లు, కుట్టుమిషన్లు అన్నీ రాములవారి గుడికి తెచ్చి పెట్టాం. డబ్బీల మాట నాగులమ్మత్తకే తట్టింది. "అవి గూడా మన పనిముట్లే గదా. పైగా దూరదేశం నుంచి వచ్చిన అతిథులు. మసి, జిడ్డులో ఉంచేది బాగుండదు" అంది. మిగతా పనిముట్లు నవమినాడు వచ్చాయి గానీ, డబ్బీలను కలశం పెట్టిన పాడ్యమినాడే తెచ్చాం. పసుపునీళ్లతో తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, అఖండదీపం చుట్టూ పేర్చాం. తోకలన్నీ దీపం వైపు తిప్పితే తామరపువ్వు విచ్చుకున్నట్టే ఉంది. దశమినాడు హారతి ఇచ్చి ఎవరి డబ్బీ వాళ్లం తీసుకెళ్లి పొయ్యికి కట్టుకున్నాం. నువ్వు చూసుంటే సంతోషపడేదానివి.

నీ ఆరోగ్యం జాగ్రత్త. జవాబు రాయి.

నీ చెల్లెలు,
వనజాక్షి.

*

తిరుపతి, కొర్లగుంట.
దీపావళి ముందు.

చిరంజీవి వనజాక్షికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోన్‌లో నీ గొంతు ఎప్పుడూ పక్కింట్లో ఎవరో గుసగుసలాడినట్టు ఉండేది. కాగితం మీద మాత్రం గలగలమంటున్నావు. నాకు చెవుడు రావడం వల్ల నీకు మాటలొచ్చాయి.

నీ మెప్పులో కొంచెం నీళ్లు పోస్తాను, కోప్పడకు. వందేళ్లుగా పొగగొట్టాలు నిలబెట్టి ఆకాశమంతా మసి చేసింది వాళ్లు. ఇప్పుడు మన ఆడవాళ్ల పొయ్యికి తీగ కట్టి ఎంతసేపు వెలిగిందో చూస్తారా? విస్తరి నిండా తిన్నవాడు, పక్కవాడి తేన్పులు లెక్కపెట్టినట్టుంది. మంచి జరిగితే జరగనీ. కానీ దండం పెట్టేంత ఉందా అన్నదే నా మాట.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఇప్పుడు కొండకు కరెంటు బస్సులు పోతున్నాయి. మొన్న అలిపిరి దగ్గర నిలబడితే పక్కనుంచే పోయింది. పొగ లేదు, మసి లేదు. శబ్దం కూడా లేదని అందరూ ఆశ్చర్యపోతున్నారు. నాకు అన్ని బస్సులూ అంతే కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు.

మోహన పోయిన నెల ఆసుపత్రి పని మీద వచ్చి మా ఇంట్లోనే భోంచేసింది. మంచి పిల్ల. మిగతాది తనే చెబుతుందిలే.

వనజా, నువ్వు రాసిన దాంట్లో ఒకటి నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ డబ్బీ వేడిని రాసుకుంటుందన్నావు. నవరాత్రులంతా దాన్ని దీపం దగ్గర పెట్టామన్నావు. తోకలు దీపం వైపే తిప్పామన్నావు. మరి ఆ రోజుల్లో అది ఏం రాసుకుని ఉంటుంది? మీరంతా ఒంటిపూట భోజనాల్లో ఉంటే, మీ పొయ్యిలు రాత్రింబవళ్లు వెలిగాయని రాసుకుని ఉండదా?

నా అనుమానం తప్పయితే మంచిదే. ఎందుకైనా మంచిది, ఆ భువనేశ్వరిని అడుగు.

ఇట్లు,
లోకేశ్వరి.

*

కొత్తగొల్లపల్లె,
కార్తీకం మొదటి సోమవారం.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చేసరికే తెలిసిపోయింది. నువ్వు అనుమానించినదే నిజం.

భువనేశ్వరి వానలో తడుస్తూ గుడి దగ్గరకు వచ్చింది. డబ్బీల్లోని లెక్క చూసి ఆఫీసులో ముందు సంబరపడ్డారట, ఈ ఊళ్లో పొయ్యి ఆరడమే లేదని. తర్వాత చూస్తే అన్ని ఇళ్లలోనూ ఒకే రోజు వెలిగి, ఒకే రోజు ఆరింది. "ఏం చేసినారు పిన్నమ్మా, దాచకుండా చెప్పండి" అని అడిగింది. నేను గుడిలో పూజ సంగతి చెప్పాను. ఆ పిల్ల తడి చేతులతోనే ముఖం కప్పుకుని గుడిమెట్ల మీద కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నవ్వుతోంది. "దేశదేశాల పెద్దోళ్లు ఎన్ని తప్పులు ఊహించి ఎన్ని నిబంధనలు రాసినారో. ఇది మాత్రం ఎవరికీ తోచలేదు" అంది. ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది.

మరునాడు వాళ్ల ఆఫీసు సారు కారులో వచ్చి మమ్మల్నందరినీ పిలిచాడు. ఆ తొమ్మిది రోజులూ తీసేసి, మిగతా రోజుల సగటు వేస్తారట. చూడడానికి వచ్చే ఆవిడ ముందు ఎవరూ ఈ మాట ఎత్తకూడదట. "మీరు దొంగతనం ఏమీ చేయలేదు కదమ్మా. పూజే కదా చేశారు. దాన్ని పెద్దది చేస్తే రెండో విడత ఆగిపోతుంది" అన్నాడు. ఆయన మంచికే అంటున్నట్టు ఉంది.

నాగులమ్మత్త వెంటనే ఒప్పుకుంది. "దేవుడికాడ పెట్టినాము. పాపం యాడుండాది? నోరు మూసుకుంటే పోతాది." చాలామంది తలలు ఊపారు. వాళ్లంతా మోహన వైపు చూసి, దాని పెరట్లోని గుంతను తలుచుకునే తలలు ఊపారక్కా. అది తెలుస్తూనే ఉంది.

సారు వెళ్లాక భువనేశ్వరి నాతో విడిగా మాట్లాడింది. తొమ్మిది రోజులతో పోయేది కాదట. పసుపునీళ్లు, నూనె లోపలికి దిగిన డబ్బీలు ఆ తర్వాత రాసుకున్నదీ నమ్మడానికి లేదట. "పిన్నమ్మా, ఈడ ఇంత తగ్గిందని మనం రాసిస్తే, ఆడ అంత పొగ వదులుకునేదానికి వాళ్ల కార్ఖానాలకు సెలవు దొరుకుతాది. ఈడ నిజంగా తగ్గుంటే సరికి సరి. తగ్గకుండానే తగ్గిందని రాస్తే, ఆ పొగంతా లోకం మీద అదనం. మన అబద్ధం మన ఊళ్లో ఆగదు" అంది. తనే నిజం చెప్పేస్తానంది. ఉద్యోగం పోతే మళ్లీ మగ్గం గుంతలో కూర్చుంటుందట. ఆ మాట చాలా తేలిగ్గా అంది గానీ, అంటూ చేతిలోని గుర్తింపు కార్డును ఒకటే తిప్పుతోంది.

తప్పు చేసింది మేము, ఉద్యోగం పోయేది ఆ పిల్లకా? మేమే చెప్పాలి. చెబితే మోహన గుంత అలాగే ఉంటుంది. ఎన్నాళ్లో తెలియదు. నాకు దీపం ముందు కూర్చున్నా దారి తోచడం లేదు. నువ్వు లోకం చూసినదానివి. ఏం చేయమంటావో చెప్పు. ఆవిడ మార్గశిరంలో వస్తుందట.

వనజాక్షి.

*

తిరుపతి,
కార్తీక పౌర్ణమి.

వనజాక్షికి,

నోరు మూసుకో. ఇదే నా సలహా.

నీకు ఒక మాట దాచాను. మోహన చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఇక్కడ ఆసుపత్రిలో దాని వెంట వెళ్లింది నేనే. డాక్టరమ్మ చెప్పింది నాకు వినబడలేదు గానీ, కాగితం మీద రాసి చూపించింది. ఊపిరితిత్తులు చాలా దెబ్బతిన్నాయి. ఇంకో ఏడాది కట్టెల ముందు కూర్చుంటే మందులు కూడా పనిచేయవు. పొగకు దూరంగా ఉండడమే మొదటి మందు. బయటికొచ్చాక అది నాతో ఏమందో తెలుసా? "మా అక్కకు చెప్పొద్దు. చెప్తే రోజూ వచ్చి పిలుస్తాది. పోలేను, పోకుండానూ ఉండలేను" అంది.

ఇప్పుడు చెప్పు. ఆ దేశం లెక్క పెద్దదా, మోహన ఊపిరి పెద్దదా? వాళ్లు విమానాల్లో పండగలకు తిరిగి వచ్చే పొగలో మీ తొమ్మిది రోజుల దీపం ఏపాటి? సముద్రంలో ఉమ్మేస్తే ఉప్పు తగ్గదు. కండక్టరుగా నేను నిజాయితీ తప్పలేదు. కానీ బస్సులో నిండు చూలాలు కూర్చునుంటే, టికెట్టు తర్వాత చూసుకుందామని ముందు ఆసుపత్రి దగ్గర దింపాను. నాకు తెలిసిన ధర్మం అది.

ముందు గుమ్మటం కట్టించుకోనీ. తర్వాత నీ ఇష్టం, ఏ దేవుడి ముందు చెప్పుకుంటావో చెప్పుకో.

లోకేశ్వరి.

*

కొత్తగొల్లపల్లె,
మార్గశిర శుక్రవారం.

అక్కా, నమస్కారం.

నీ మాట తోసేశాను. చిన్నప్పటినుంచి ఎప్పుడూ తోసేయలేదు. మనసులో కష్టంగా ఉంది గానీ, జరిగింది చదివాక నువ్వే చెప్పు.

నీ ఉత్తరం చదివి తిన్నగా మోహన ఇంటికి వెళ్లాను. పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతోంది. తడి కట్టెలు, వంటిల్లంతా పొగ.

"తిరుపతికి పోయొచ్చినావంట. నాకు చెప్పలేదే" అన్నాను.

"ఆ చెవిటి కండక్టరమ్మ టికెట్టు చింపేసిందా" అంది.

"డాక్టరు చెప్పింది గూడా తెలిసింది. మోహనా, నువ్వే చెప్పు. మేము నోరు మూసుకుంటే నీ గుంతలో తొందరగా గుమ్మటం లేస్తాది. నిజం చెప్తే ఎప్పుడో తెలీదు. నీ మాటే నా మాట."

అది ఊదుగొట్టం కింద పెట్టింది. దగ్గు తగ్గేదాకా ఆగి, "ఆ భువనేశ్వరి ఏమనింది? ఈడ తగ్గిందని రాసుకున్నంతా ఆడ వదులుకుంటారని గదా?" అంది.

"అవును."

"అంటే నా ఇంట్లో పొగ పోయేదానికి, నేను మొగం గూడా సూడని ఇంకో ఆడది ఆ పొగ మింగాల. పొగ మింగేది ఎట్లుంటాదో నాకు బాగా తెలుసక్కా. ఇంకొకరికి పంపించలేను. అట్లాంటి పొయ్యి మీద అన్నం నాకు అరగదు. సెప్పేయ్."

పొగ చిమ్ముతున్న తడి కట్టెను నేను పక్కకు లాగాను.

"నువ్వు సెప్పకుంటే నేనే సెప్తా. నాకు గొంతు ఉండాది, ఈ దగ్గే అడ్డం. పో, అన్నం మాడిపోతాది" అని మళ్లీ ఊదుగొట్టం తీసుకుంది.

అక్కా, మన పురాణాల్లో తన ఒంటిమాంసం కోసి ఇచ్చిన రాజుల కథలు విన్నాను. వాళ్లకు పేరు వచ్చింది. మోహనకు ఏం వస్తుంది? చెప్పి కళ్లు తుడుచుకుంది. అది పొగవల్లే అంది.

ఆవిడ ఈ బుధవారం వచ్చింది. పేరు హెల్గా. మా అందరికంటే పొడుగు, ఎర్రగా కమిలిన ముఖం, రంగు వేయని నూలులాంటి జుట్టు. గుడి ముందు పందిరిలో కూర్చోబెట్టారు. సారు కాగితాలు చూపిస్తూ, భువనేశ్వరి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెబుతూ ఉన్నారు. అంతా బాగుందని ఆవిడ తల ఊపుతోంది. నేను లేచి నిలబడ్డాను. నా గొంతు నీకు తెలుసు కదా. పెదాలు కదిలాయి, మాట నాకే వినబడలేదు.

సారు నవ్వుతూ, "ఆమెకు సభలో మాట్లాడడం అలవాటు లేదు, వదిలేయండి" అన్నాడు. వెనకనుంచి మోహన దగ్గింది. మామూలు దగ్గు కాదు, పిలిచినట్టుంది. హెల్గా ఏమనుకుందో, కుర్చీలోంచి లేచి నా దగ్గరకు వచ్చి నేల మీద చాప మీద కూర్చుంది. చెవి నా నోటి దగ్గర పెట్టింది, భాష తెలియకపోయినా. నేనూ కూర్చున్నాను. అప్పుడు చెప్పాను. డబ్బీలు పొయ్యి దగ్గర లేవని, దీపం దగ్గర ఉన్నాయని, అవమానించాలని కాదు, గౌరవించాలనే తీసుకెళ్లామని, పసుపునీళ్లతో తుడిచామని. భువనేశ్వరి ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది.

నాగులమ్మత్త ఊరుకుంటుందా? "దీపాన్ని తప్పు పట్టేదానికి లేదు. తప్పయితే నాది. నేనే తెమ్మన్నాను" అని కర్ర ఊనుకుంటూ ముందుకొచ్చింది. మొన్న నోరు మూసుకోమన్న మనిషే.

హెల్గా లేచి గుడి వైపు చూసింది. తర్వాత గుడిలోకి రావచ్చా అని అడిగింది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చింది. అత్త చేత దీపం వెలిగించమని, నవరాత్రుల్లో ఎలా పెట్టామో అలాగే డబ్బీలు పెట్టమంది. మేం పూవులాగా పేర్చాం. ఆవిడ అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుని, దీపం చూస్తూ, తన కంప్యూటరు పెట్టెలో గీతలు చూస్తూ ఉంది. మధ్యాహ్నం హారతి గంట మోగినా లేవలేదు. అత్త ఇచ్చిన తీర్థం కళ్లకద్దుకుని తాగింది. ఎవరు నేర్పారో తెలియదు, మమ్మల్ని చూసే చేసి ఉంటుంది. చివరికి దసరా నాటి గీత, ఇవాళ్టి గీత పక్కపక్కన పెట్టి చూపించింది. రెండూ ఒకటే. మేం మోసం చేయలేదని తేలింది.

"మీరు చెప్పింది నిజమని నేను రాస్తాను. కానీ ఈ లెక్క తీసుకోలేను. కొత్త డబ్బీలు పెట్టి, వేసవి చివరిదాకా మొదటినుంచి కొలవాలి. అంతవరకు రెండో విడత ఆగుతుంది" అంది. భువనేశ్వరి ఈ మాటలు తెలుగులో చెప్పేటప్పుడు నేల చూస్తోంది. ఎవరికోసం ఆగుతుందో హెల్గాకు అత్త చూపించింది. ఆవిడ మోహన దగ్గరకు వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. వీలు చేస్తానని మాత్రం అనలేదు. జాలిపడి లెక్క మార్చి ఉంటే ఆ క్షణంలో మాకు సంతోషంగానే ఉండేది. కానీ అక్కా, అప్పుడు మోహన చెప్పించిన నిజానికి విలువేముంది? అంత దూరం నుంచి వచ్చి, కళ్లలో నీళ్లు పెట్టుకుని కూడా మాట తప్పని మనిషికి నాకు మళ్లీ దండం పెట్టాలనిపించింది.

నువ్వు కోప్పడినా సరే. రాయకుండా మాత్రం ఉండకు.

వనజాక్షి.

*

తిరుపతి,
ధనుర్మాసం.

వనజాక్షికి ఆశీస్సులు.

కోపం వచ్చింది. రెండు రోజులుంది. మూడో రోజు ఉత్తరం మళ్లీ చదివితే, మోహన మాటల దగ్గర ఆగిపోయాను. నేను దాని ఊపిరి గురించి వాదించాను. అది ఇంకొకరి ఊపిరి గురించి ఆలోచించింది. పెద్దదాన్ని నేనే అయినా, ఇక్కడ నేను చిన్నదాన్ని. పెద్ద దేశాల మీద నా కోపం మాత్రం అలాగే ఉంది, దాన్ని వదులుకోను. వాళ్లు పెద్ద పెద్ద సభల్లో కూర్చున్నప్పుడు మీ తోడికోడలంత నిక్కచ్చిగా ఉంటే చాలు, ఇంకేమీ అడగను.

కానీ వనజా, మెచ్చుకుంటూ కూర్చుంటే దాని దగ్గు తగ్గదు. నిజం చెప్పావు, బాగుంది. వేసవి చివరిదాకా అది ఏ పొయ్యి ముందు కూర్చుంటుంది? దీనికి జవాబు రాయి.

లోకేశ్వరి.

*

కొత్తగొల్లపల్లె,
పుష్యమాసం, ఆదివారం.

అక్కకు నమస్కారాలు.

నీ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ముందు భువనేశ్వరికి ఫోన్ చేశాను. మా పొయ్యి మీద రెండిళ్ల వంట చేస్తే కొత్త లెక్క చెడిపోతుందా అని అడిగాను. "ఎంతమందికి వండుతారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి పిన్నమ్మా, అంతే. రాసుకుంటాను" అంది. ఆఫీసులో సారు కొన్నాళ్లు ముఖం తిప్పుకున్నాడట. ఆ అమ్మాయి పని మాత్రం నిలిచింది. హెల్గా తన నివేదికలో భువనేశ్వరి పేరు రాసిందట, అసలు లెక్కను చెరపకుండా ఉంచిందని.

మర్నాడు పొద్దున్నే మోహన ఇంటికి వెళ్లాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నేనేమీ అడగలేదు. చెంబుతో నీళ్లు తీసుకుని పొయ్యిలో పోశాను. గుడ్డ పట్టుకుని అన్నం గిన్నె ఎత్తుకుని వీధిలోకి నడిచాను. జీవితంలో నేను చేసిన దౌర్జన్యం అదొక్కటే.

"ఏందక్కా ఇది, పొద్దున్నే పిచ్చి పట్టిందా, ఆడ పెట్టు నా గిన్నె" అని అది వెంటపడింది. వీధిలో ఆడవాళ్లంతా చూస్తున్నారు. నాగులమ్మత్త అరుగు మీదనుంచి, "ఒసే మోహనా, ఆ మూగదాని నోటికి గూడా పని పెట్టినావు, ఇప్పుడు కాళ్లకు గూడానా" అని నవ్వింది. నేను ఆగకుండా వెళ్లి గిన్నె నా పొయ్యి మీద పెట్టి వెలిగించాను. మోహన గడప అవతల నిలబడింది.

"వేరుపడినప్పుడు బావ ఏమన్నాడో నీకు గుర్తుండాదా?" అంది.

"లేదు."

"నాకుండాది."

"సరే, గుర్తు పెట్టుకునే లోపలికి రా. అన్నం పొంగతా ఉండాది, మూత తీసేవాళ్లు లేరు."

గిన్నె నిజంగానే పొంగుతోంది. నేను కదల్లేదు. గంజి కారి మంట మీద పడబోతుంటే, అది గబుక్కున లోపలికి వచ్చి మూత తీసింది. వచ్చినదానికి దానికే ఆశ్చర్యం వేసింది. నీలం మంట వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

అప్పటినుంచి రోజూ వస్తోంది. ఊరికే వండుకోకూడదని తన ఆవుల పేడ తట్టలో తనే మోసుకొచ్చి గుమ్మటంలో పోస్తుంది. వద్దంటే వినదు. నా వంతు పేడ తక్కువైందని నాతోనే పోట్లాడుతుంది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, రాత్రిళ్లు పడుకోగలుగుతోందట. నిన్న చారుకు పోపు పెడుతూ పాట కూడా పాడింది. మధ్యలో ఊపిరి తీసుకోకుండా చరణం చివరిదాకా పాడిందక్కా. నేను కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు. ఎత్తితే పాట ఆపేస్తుంది.

వచ్చే నెల మళ్లీ ఆసుపత్రికి తిరుపతి వస్తుంది, మీ ఇంట్లోనే దిగుతుంది. అప్పుడు ఈ కాగితాలు దాని కంట పడకూడదు. పారేయొద్దు, నీ పెట్టె అడుగున ఉంచు, ఎవరికీ చూపొద్దు. నేను తనను ఇంతగా మెచ్చుకున్నానని తెలిస్తే, మర్నాటినుంచి గిన్నె ఎత్తుకుని తన కట్టెల పొయ్యి దగ్గరకే వెళ్లిపోతుంది.

నీ చెల్లెలు,
వనజాక్షి.